ఆముదపు గింజలో విషానికి చిరునామా

ఆముదపు గింజ పెంకు నున్నగా, గోధుమ రంగు మీద తెల్లటి చారలతో, మచ్చలతో ఉంటుంది. కొసన మెత్తటి తెల్ల బుడిపె ఒకటి. పెంకు ఒలిచి, లోపలి పప్పును చదునుగా ఉన్న వైపు నుంచి జాగ్రత్తగా రెండుగా విడదీస్తే, నడుమ కాగితం మందాన రెండు ఆకులు కనిపిస్తాయి. ఈనెలు కూడా స్పష్టంగా తెలుస్తాయి. అవి రాబోయే మొక్క బీజదళాలు. వాటిని రెండు వైపులా కప్పి ఉన్న జిడ్డు పప్పు అంకురచ్ఛదం. చిక్కుడు గింజలో తిండి అంతా బీజదళాల్లోనే ఉంటుంది. ఆముదంలో అలా కాదు, మొలకకు కావలసినదంతా అంకురచ్ఛదంలోనే ఉంటుంది. గింజ బరువులో దాదాపు సగం నూనె. మిగిలిన దాంట్లో మాంసకృత్తులది పెద్ద వాటా. ఆ మాంసకృత్తుల్లో ఒకటి రిసిన్ అనే విషం.

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని చులకనగా అంటాం గానీ, కణశాస్త్రంలో మాత్రం ఇది నిజంగానే మహావృక్షం. మొక్క కణంలో తయారైన ఒక్కో ప్రోటీన్ తన చోటికి తాను ఎలా చేరుతుందో తెలుసుకోవడానికి ఈ అంకురచ్ఛదం చాలా ప్రయోగశాలలకు పాఠశాల అయింది. కణంలో ఉన్న దారుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క గింజలోనే చూడొచ్చు. అందులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలిపేది రిసిన్ నడిచే దారి.

1888లో డోర్పాట్ విశ్వవిద్యాలయంలో (ఆ ఊరు ఇప్పుడు ఎస్తోనియాలోని టార్టు) పీటర్ స్టిల్‌మార్క్ ఆముదపు గింజల్లోంచి విషపు ప్రోటీన్‌ను వేరుచేసి దానికి రిసిన్ అని పేరు పెట్టాడు. అది ఎలా చంపుతుందో తేలడానికి సుమారు వందేళ్లు పట్టింది. 1987లో జపాన్ శాస్త్రవేత్తలు ఎండో, త్సురుగి ఆ రహస్యం విప్పారు. కణంలో ప్రోటీన్లను తయారుచేసేవి రైబోసోమ్‌లు. రైబోసోమ్ పెద్ద భాగంలో వేల అక్షరాల పొడవున్న ఆర్‌ఎన్‌ఏ పోగు ఒకటి ఉంటుంది. అందులోంచి రిసిన్ ఒకే ఒక్క అడెనీన్‌ను తుంచేస్తుంది. ఎలుక కాలేయపు రైబోసోమ్‌లో అది 4324వ స్థానం. పోగు తెగదు, రైబోసోమ్ విడిపోదు, ఒక్క అక్షరం మాత్రం పోతుంది. అంతటితో ఆ రైబోసోమ్ ఇక ఎందుకూ పనికిరాదు. ఒక్క రిసిన్ అణువు నిమిషానికి వెయ్యికి పైగా రైబోసోమ్‌లను ఇలా పాడుచేయగలదు.

మరి ఆముదం మొక్క తన విషంతో తానే ఎందుకు చావదు? దాని రైబోసోమ్‌లకు ఈ విషం పనిచేయదేమో అనిపిస్తుంది. అది నిజం కాదు. 1982లో హార్లీ, బీవర్స్ మొక్కల రైబోసోమ్‌ల మీద రిసిన్‌ను పరీక్షించారు. జంతువుల రైబోసోమ్‌లంత త్వరగా లొంగకపోయినా ఆముదం రైబోసోమ్‌లు కూడా దాని దెబ్బకు ఆగిపోయాయి. రిసిన్ కూడా ప్రోటీనే కాబట్టి అది తయారయ్యేదీ రైబోసోమ్ మీదే. అంటే ఏ యంత్రాన్ని అది పాడుచేయగలదో సరిగ్గా ఆ యంత్రం నోటి దగ్గరే పుడుతోంది. అలా పుట్టిన విషపు అణువు ఒక్కటి కూడా కణద్రవ్యంలోకి జారిపోకుండా, పొరల వెనకగా నడిచి, రిక్తిక అనే వేరే గదిలోకి చేరాలి. మొక్కకు రక్షణ ఆ దారిలోనే ఉంది.

ఆ దారిని అర్థం చేసుకోవాలంటే ముందు రిసిన్ నమూనాను చదవాలి. రైబోసోమ్ కూర్చే పూర్తి గొలుసులో 576 అమైనో ఆమ్లాలు ఉంటాయి. మొదటి 26 ప్రవేశ సంకేతం. దాని వెనక 9 అమైనో ఆమ్లాల చిన్న తునక. ఆ తరువాత 267 అమైనో ఆమ్లాల ‘ఎ’ గొలుసు, అడెనీన్‌ను తుంచేది ఇదే. చివర 262 అమైనో ఆమ్లాల ‘బి’ గొలుసు. కణం పైపొర మీద గాలక్టోజ్ చక్కెర కనిపిస్తే పట్టుకునేది అది. ఎ గొలుసుకూ బి గొలుసుకూ మధ్య 12 అమైనో ఆమ్లాల లంకె ఒకటి ఉంది. పూర్తయిన విషంలో ఈ లంకె కనిపించదు, దారి చివర ఊడిపోతుంది. అందుకే మొదట చూసినవాళ్లకు అది ఊరికే అతుకు అనిపిస్తుంది. కానీ రిసిన్ కథకు అదే కీలకం.

గొలుసు అల్లిక మొదలవగానే రైబోసోమ్‌లోంచి ముందుగా బయటికి వచ్చేది ప్రవేశ సంకేతం. నీటికి దూరంగా ఉండే అమైనో ఆమ్లాలు అందులో వరసగా ఉంటాయి. కణద్రవ్యంలో తిరిగే ఒక కణిక, కొంత ప్రోటీన్, కొంత ఆర్‌ఎన్‌ఏ కలిసిన కణిక, ఆ సంకేతాన్ని చూడగానే పట్టుకుంటుంది. పట్టుకున్నంతసేపూ అల్లిక నెమ్మదిస్తుంది. ఆ కణిక రైబోసోమ్‌ను అంతర్జీవద్రవ్య జాలం దగ్గరికి తెచ్చి, జాలం పొరలో ఉన్న సన్నటి కాలువకు ఆనిస్తుంది. అప్పుడు అల్లిక మళ్లీ వేగం అందుకుంటుంది. గొలుసు అల్లుతున్న కొద్దీ పొర అవతలికి జారుతుంది. సంకేతం పని ముగియగానే అక్కడి ఎంజైము దాన్ని కోసేస్తుంది. ఇక్కడున్న జాగ్రత్త గమనించదగ్గది. విషం పూర్తిగా తయారై, ఆ తరువాత తరలి వెళ్లడం కాదు. తయారవుతూనే అవతలికి పోతోంది. రూపం సంతరించుకున్న రిసిన్ కణద్రవ్యంలో ఉండే క్షణమే లేదు. ప్రోటీన్ చేరవలసిన చోటు దాని గొలుసులోనే రాసి ఉంటుందన్న ఈ ఊహను 1971లో ముందుకు తెచ్చినవారిలో గుంటర్ బ్లోబెల్ ముఖ్యుడు. దాన్ని ఏళ్ల తరబడి ప్రయోగాలతో రుజువు చేసినందుకు 1999లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ రాతను శాస్త్రవేత్తలు చిరునామా అనే పిలుస్తారు. అంతకంటే సరైన మాట నాకూ దొరకలేదు.

జాలం లోపల గొలుసు మడతపడాలి. ఆస్పరజీన్ దగ్గర, దాని వెనక తగిన వరస ఉన్నచోట, 14 చక్కెరలున్న కొమ్మ ఒకటి ఒక్కసారిగా అతుక్కుంటుంది. వెంటనే కొసనున్న గ్లూకోజ్‌లు ఒక్కొక్కటే ఊడిపోతాయి. చివరి గ్లూకోజ్ ఇంకా ఉన్న గొలుసును కాల్నెక్సిన్ అనే ప్రోటీన్ పట్టుకుని మడతకు సాయపడుతుంది. ఆ గ్లూకోజ్ కూడా పోయాక మరో ఎంజైము గొలుసును తనిఖీ చేస్తుంది. మడత సరిగ్గా లేకపోతే ఆ ఎంజైమే ఒక గ్లూకోజ్‌ను తిరిగి అతికిస్తుంది. దాంతో గొలుసు మళ్లీ కాల్నెక్సిన్ చేతికి వెళ్తుంది. మడత కుదిరేదాకా ఈ చుట్టు సాగుతుంది. మరో ఎంజైము సరైన సిస్టీన్‌ల జంటలను వెతికి గంధకపు బంధాలు వేస్తుంది. అందులో ఒకటి ఎ గొలుసునూ బి గొలుసునూ కలిపేది. లంకె తీసేశాక ఆ రెంటినీ కలిపి ఉంచేది ఆ బంధమే.

ఎ, బి రెండూ వేర్వేరుగా కాకుండా ఒకే గొలుసుగా ఎందుకు పుడుతున్నాయో కూడా ఈ దశలో తెలుస్తుంది. పొగాకు కణాల్లో ఎ గొలుసును మాత్రమే తయారుచేయించి చూశారు. జోడీ లేని ఆ గొలుసును జాలం చెడిపోయిన సరుకుగా లెక్కగట్టింది. సరిగా మడతపడని ప్రోటీన్లను జాలం వెనక్కి కణద్రవ్యంలోకి తోసి నాశనం చేయిస్తుంది. అదే దారిలో దీన్నీ బయటికి పంపింది. ఆముదం కణంలో ఇలా జరిగితే విషం నేరుగా రైబోసోమ్‌ల మధ్యకే వచ్చి పడుతుంది. రెండు గొలుసులూ 12 అమైనో ఆమ్లాలతో అతుక్కుని పుట్టడం వల్ల ఎ గొలుసు ఎన్నడూ ఒంటరిగా ఉండదు. అంతేకాదు, లంకె ఉన్నంతకాలం ఎ గొలుసు పదును పనిచేయదు. ఆ దశలో ఉన్న రిసిన్ రైబోసోమ్‌ను ఏమీ చేయలేదు. అతకడం ఒక పని, విషాన్ని అణచి ఉంచడం రెండో పని. రెండూ ఆ చిన్న లంకెవే.

జాలం నుంచి తదుపరి మజిలీ గాల్జీ. జంతు కణాల్లో గాల్జీ సాధారణంగా కేంద్రకం పక్కన ఒకచోట గుంపుగా ఉంటుంది. మొక్క కణంలో గాల్జీ దొంతరలు వందల్లో ఉంటాయి. అవి విడివిడిగా ఆక్టిన్ పోగుల వెంట పరుగెడుతూ జాలం మీదుగా తిరుగుతుంటాయి. 1998లో పొగాకు ఆకు కణాల్లో మెరిసే ప్రోటీన్‌ను గుర్తుగా పెట్టినప్పుడు ఈ పరుగు కళ్లకు కట్టింది. కదలని గోడల మధ్య, పెద్ద రిక్తిక నడుమ చిక్కుకున్న సన్నటి జీవద్రవ్యంలో, తయారైన సరుకు యంత్రం దగ్గరికి రావాలని ఎదురు చూడకుండా యంత్రమే సరుకు దగ్గరికి వెళ్తోంది. మొక్క కణం ఎంచుకున్న ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. గాల్జీలో ఒక అర నుంచి మరో అరకు సాగుతూ చక్కెర కొమ్మలను చెక్కించుకున్న రిసిన్, అవతలి కొసకు చేరాక కూడలిలో పడుతుంది. ఇక్కడ దారులు చీలుతాయి. ఏ గుర్తూ లేని ప్రోటీన్ కణం బయటికి పోతుంది. రిక్తికకు పోవాలంటే గుర్తు ఉండాలి.

ఆ గుర్తు రిసిన్‌లో ఎక్కడుంది? ఆ 12 అమైనో ఆమ్లాల లంకెలోనే. ఇంగ్లండ్‌లోని వారిక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2001లో దీన్ని తేటతెల్లం చేశారు. పొగాకు ఆకు కణాల గోడలు కరిగించి, వాటిలో రిసిన్ నమూనాను పెట్టారు. మామూలు నమూనా పెడితే రిసిన్ రిక్తికకు చేరింది. లంకెను తీసేసి పెడితే దారి తప్పి కణం బయటికి పోయింది. లంకెలో నాలుగో స్థానంలో ఉన్న ఐసోల్యూసీన్ బదులు గ్లైసీన్‌ను పెట్టినా బయటికే పోయింది. 500 పైచిలుకు అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్ ఎటు పోవాలో, ఆ ఒక్కదాని పక్క కొమ్మ ఆకారం తేలుస్తోంది. ఇలాంటి ఐసోల్యూసీన్ ఉన్న వరసే చిలగడదుంపలోని స్పోరమిన్‌లోనూ, బార్లీలోని అల్యురెయిన్‌లోనూ ఉంది. వాటిలో అది గొలుసు ముందు భాగంలో ఉంటుంది. ఆముదం దాన్ని గొలుసు మధ్యలో దాచుకుంది.

ఆ వరసను చదివే ప్రోటీన్ 1994లో బఠాణీలో దొరికింది. కూడలిలోని పొరలో నాటుకుని ఉండే ఈ గ్రాహకం లోపలి వైపు చేతితో సరుకును పట్టుకుంటుంది. బయటి వైపు తోకతో, తిత్తికి పైతొడుగు వేసే ప్రోటీన్లను పిలుస్తుంది. ఆముదంలో దీని జోడీ రిసిన్ లంకెనే కాక, అదే రిక్తికకు పోవలసిన మరో నిల్వ ప్రోటీన్ లంకెను కూడా పట్టుకుంటుందని 2004లో చూపించారు. ఒకే గ్రాహకం, రెండు రకాల సరుకు.

రిక్తికలో ఆమ్లగుణం ఎక్కువ. అక్కడ రిసిన్ కోసం ఒక ఎంజైము కాచుకుని ఉంటుంది. దాన్ని జపాన్‌కు చెందిన ఇకుకో హరా-నిషిమురా బృందం 1991లో ఆముదపు గింజల్లోంచే శుద్ధి చేసింది. ఆస్పరజీన్ వెనక మాత్రమే కోసే ఎంజైము అది. రిసిన్ లంకెలో చివరిదైన పన్నెండోది సరిగ్గా ఆస్పరజీనే. అక్కడ కోత పడుతుంది, మిగిలిన కొసను వేరే ఎంజైములు సరిచేస్తాయి. లంకె పోతుంది. ఎ, బి గొలుసులు గంధకపు బంధంతో మాత్రమే కలిసి ఉంటాయి, విషం పదునెక్కుతుంది. ఆ కోసే ఎంజైము కూడా తయారైనప్పుడు నిద్రాణంగానే ఉంటుంది. ఆమ్లంలోకి వచ్చాకే తనను తాను కోసుకుని మేల్కొంటుంది. అంటే దారి పొడుగునా విషమూ పనిచేయదు, విషాన్ని పదునుపెట్టేదీ పనిచేయదు. రెండూ గమ్యంలోనే మేల్కొంటాయి. గొలుసులను అతికినది, విషాన్ని అణచినది, దారి చూపినది ఒకే లంకె. చేరవలసిన చోటికి చేరాక చిరునామా చింపేయగానే ఆ మూడు పనులూ ఒకేసారి ముగుస్తాయి. 12 అమైనో ఆమ్లాలలో ఇన్ని పనులు ఇమిడి ఉండటం చూస్తే, ఈ పొదుపు ముందు చేతులు జోడించాలనిపిస్తుంది.

ఆ రిక్తికలో రిసిన్ ఒక్కటే ఉండదు. గింజ ముదిరే కొద్దీ రిక్తిక మూడు భాగాలుగా ఏర్పడుతుంది. మెత్తటి మాతృకలో రిసిన్, చిన్న ఆల్బుమిన్లు ఉంటాయి. మధ్యలో పెద్ద స్ఫటికం ఉంటుంది, అది గ్లోబులిన్ నిల్వ. గ్లోబులిన్‌లు జాలంలో మూడేసి జట్టు కడతాయి. రిక్తికలో అదే ఎంజైము ఆస్పరజీన్ దగ్గర కోసేదాకా ఆరేసిగా కలవలేవు. కోశాక కలిసి గట్టి దిమ్మగా పేరుకుంటాయి. దారిలోనే గడ్డకట్టకుండా ఆపేది కూడా ఆ కోత పడకపోవడమే. మూడో భాగం ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం లాంటివి నిల్వ ఉన్న గుండ్రటి కణిక.

నూనె దారి పూర్తిగా వేరు. అది జాలం పొర రెండు వరసల మధ్య పేరుకుని, బొట్టుగా విడివడుతుంది. ఓలియోసిన్ అనే ప్రోటీన్ తన నడుమ ఉన్న సుమారు 72 అమైనో ఆమ్లాల పొడవైన మెలికను నూనెలోకి గుచ్చి, పైన కప్పుగా నిలుస్తుంది. నీరు ఆవిరైపోయి గింజ ఎండినా బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా అదే కాపాడుతుంది. నూనె ఒక చోట, విషం ఇంకో చోట. మన ఇళ్లలో వంటాముదం కాచే పద్ధతి ఈ ఏర్పాటు మీదే ఆధారపడింది. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి పైకి తేలిన నూనెను తీసుకుంటారు. రిసిన్ నీటిలో కరిగే ప్రోటీన్ కాబట్టి నూనెలోకి రాదు. నీళ్లలో, పిప్పిలో ఉన్నది ఉడుకుకు మడత విడిపోయి చచ్చుబడుతుంది. ఉడికించకుండా గానుగ ఆడితే మాత్రం విషం పిండిలో మిగిలే ఉంటుంది. అందుకే ఆముదం పిండిని పొలానికి ఎరువుగా వేస్తారు గానీ శుద్ధి చేయకుండా పశువులకు పెట్టరు.

జంతువు గింజను నమిలినప్పుడు రిసిన్ నడిచే దారి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. బి గొలుసు కణం పైనున్న గాలక్టోజ్‌ను పట్టుకుంటుంది. కణం దాన్ని తిత్తిలో లోపలికి లాక్కుంటుంది. అక్కడి నుంచి గాల్జీకి, గాల్జీ నుంచి అంతర్జీవద్రవ్య జాలానికి, మొక్కలో వచ్చిన దారికి సరిగ్గా ఎదురుగా నడుస్తుంది. జాలంలో గంధకపు బంధం తెగి ఎ గొలుసు ఒంటరిదవుతుంది. చెడిన ప్రోటీన్లను బయటికి తోసే ఆ దారే దాన్ని కణద్రవ్యంలోకి చేరుస్తుంది. అలా బయటపడిన ప్రోటీన్లను కణం సాధారణంగా లైసీన్‌ల మీద యుబిక్విటిన్ గుర్తు వేసి నాశనం చేస్తుంది. రిసిన్ ఎ గొలుసులో లైసీన్‌లు రెండే ఉన్నాయి. గుర్తు వేసే చోటు దాదాపు లేకపోవడం వల్ల అది తప్పించుకుని రైబోసోమ్‌లను చేరుతుంది.

ఇంతవరకూ చెప్పింది గింజ నిండే కాలం సంగతి. నీళ్లు తగిలి మొలక మొదలైతే అవే కణాల్లో పని మారుతుంది. ఇప్పుడు నూనెను చక్కెరగా మార్చి, పల్చటి బీజదళాల ద్వారా మొలకకు అందించాలి. మన శరీరం కొవ్వు ఆమ్లాలను అలా చక్కెరగా మార్చలేదు, మొక్క మార్చగలదు. ఎక్కడ మారుస్తుందన్నదానికి జవాబు కూడా ఆముదమే ఇచ్చింది. 1967లో బ్రైడెన్‌బాక్, హ్యారీ బీవర్స్ మొలకెత్తిన ఆముదం అంకురచ్ఛదాన్ని మెల్లగా చిదిమి, అడుగుకు పోయే కొద్దీ చిక్కబడే చక్కెర ద్రావణం మీద పోసి, వేగంగా తిప్పారు. తేలికైన పొరలు పైన ఆగాయి. వాటి కింద మైటోకాండ్రియా పట్టీ కట్టింది. ఇంకా కింద, సాంద్రత 1.25 దరిదాపుల్లో, అప్పటిదాకా పేరు లేని మరో పట్టీ విడిగా నిలిచింది. నూనెను చక్కెర దారి పట్టించే గ్లైఆక్సిలేట్ చక్రపు ఎంజైములు అందులో ఉన్నాయి. వాటికి గ్లైఆక్సిసోమ్‌లని పేరు పెట్టారు.

గ్లైఆక్సిసోమ్‌కు పోయే ప్రోటీన్లు జాలం గుండా పోవు. కణద్రవ్యంలో పూర్తిగా తయారై, మడత కూడా పడి, ఆ తరువాతే లోపలికి వెళ్తాయి. ఎన్నో ప్రోటీన్లలో చిరునామా గొలుసు చిట్టచివర మూడే మూడు అమైనో ఆమ్లాలు, సెరీన్, లైసీన్, ల్యూసీన్, లేదా వాటికి దగ్గరి పోలికలు. ఈ మూడింటి సంగతి 1989లో సురేశ్ సుబ్రమణి బృందం మిణుగురు పురుగు వెలుగు ఎంజైమును చూస్తూ కనిపెట్టింది. మరుసటి ఏడాదికే మొక్కల్లో, ఈస్ట్‌లో, కీటకాల్లో, క్షీరదాల్లో అదే మాట చెల్లుతుందని తేలింది. మిణుగురు రాత ఆముదపు గింజలో కూడా చదవబడుతుందన్న మాట. ప్లాస్టిడ్‌లకూ మైటోకాండ్రియాకూ వేరే చిరునామాలు గొలుసు మొదట్లో ఉంటాయి. వాటిలోకి వెళ్లే గొలుసులు మడత విప్పుకునే పొర దాటాలి.

ఆఖరి దారి అంకురచ్ఛదం తన్ను తాను విప్పుకునేది. మొలక పెరిగే కొద్దీ ఈ కణాల్లో రిసినోసోమ్‌లనే తిత్తులు కనిపిస్తాయి. ఇవి గాల్జీ దాకా పోకుండా జాలం నుంచే ఊడివస్తాయి. వాటిలో ప్రోటీన్లను నమిలే ఎంజైము ఒకటి నిద్రాణ రూపంలో ఉంటుంది. దాని తోకన లైసీన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం, ల్యూసీన్ అనే నాలుగు ఉంటాయి. 1987లో మన్రో, పెల్హామ్ చూపినట్టు ఆ నాలుగూ మామూలుగా జాలాన్ని విడిచిపోవద్దని చెప్పే ఆజ్ఞ. ఇక్కడ ఆ ఆజ్ఞే ఎంజైమును ఒకచోట పోగుచేస్తోంది. కణం పని ముగిసే దశలో రిక్తిక కూలి, కణద్రవ్యం పులిసిపోగానే తిత్తులు ఎంజైమును వదులుతాయి. తోక, నిద్ర పుచ్చిన ముందు తునక ఊడిపోతాయి. 1999లో క్రిస్టీన్ గీట్ల్ బృందం ఈ వరసను ఆముదంలో చూపించింది. కోసే చోట పక్కన ప్రోలీన్ ఉన్నా ఆ ఎంజైము వెనక్కి తగ్గదు, సాధారణ ఎంజైములకు అది కష్టం. అందువల్ల జీవద్రవ్యంలో మిగిలిన ప్రోటీన్లతో పాటు, కణం గోడల్లో ప్రోలీన్‌తో గట్టిపడిన ఎక్స్‌టెన్సిన్‌లను కూడా అది ముక్కలు చేస్తుంది. అప్పటికే నిల్వ ప్రోటీన్లు, రిసిన్ సహా, అమైనో ఆమ్లాలుగా విడిపోయి బీజదళాలకు చేరి ఉంటాయి. గోడల్లోని ఈ కాస్తా వాటి వెనకే వెళ్తుంది.